బోరంచలో తీసిన నాలుగు ఫోటోలు

మొన్న జహీరాబాద్ నుంచి ఒక కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు. పాత కెమెరాలు ఎక్కడ దొరికినా కొనుక్కుని బాగుచేసుకోవడం అతని సరదా అట. నారాయణఖేడ్‌లో ఒక ముసలి పంతులమ్మ ఇంట్లో నలభై దాకా ఉన్నాయని ఎవరో చెప్తే బస్సెక్కి వచ్చేశాడు. చాప వేసి కూర్చోబెట్టి, అలమర తాళం తీసి, చూసుకో నాయనా అన్నాను. ఒక్కొక్కటే ఒళ్ళో పెట్టుకుని తెరిచి, మీట నొక్కి, మళ్ళీ మూసి పక్కన పెడుతూ రెండు గంటలు కూర్చున్నాడు. ఇచ్చిన చాయ్ చల్లారిపోయింది. "అమ్మమ్మా, అన్నీ నడుస్తున్నయి! గింత పాతవి గిన్ని నడిచేటివి నేనెక్కడ చూడలే," అన్నాడు. తర్వాత తలెత్తి నాలుగు గోడలూ చూశాడు. "గిన్ని కెమెరాలున్న ఇంట్ల గోడకు ఒక్క ఫోటో గూడ లేదేంది?" అని అడిగాడు. సున్నం రాలుతోందని తీసేశాం బాబూ అన్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, అబద్ధం చెప్పినా పాఠంలాగే చెప్తాను. నమ్మి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక పొయ్యి దగ్గర కూర్చున్నాను కానీ వంట మీదికి మనసు పోలేదు. ఆ పిల్లవాడికి చెప్పని జవాబు ఇక్కడ రాస్తున్నాను. రాయకపోతే చెప్పడానికి ఇంకెవరూ మిగల్లేదు.

నేను కల్హేర్ నుంచి నారాయణఖేడ్‌కు కోడలిగా వచ్చాను. మా ఆయన గడియారాలు బాగుచేసేవాడు. బస్టాండు దగ్గర రోడ్డు వైపు దుకాణం, దాని వెనకే రెండు గదుల ఇల్లు. పెళ్ళయిన కొత్తలో ఆ ఇంటి వాసన నాకు అస్సలు పడలేదు. జొన్నరొట్టె కాలే వాసన, మా అత్త నోట్లోని తంబాకు వాసన, వీటన్నిటి మీద పెట్రోలు వాసన. గడియారం విప్పితే చక్రాలన్నీ చిన్న గిన్నెలో పెట్రోలు పోసి కడగాలి కదా. అన్నం తింటున్నా, నిద్రలేచినా ముక్కుకు అదే. ఆరు నెలలు తిరిగేసరికి పుట్టింటికి వెళ్తే అక్కడ ఏదో తక్కువైనట్టు అనిపించేది. మనిషి ముక్కును నమ్మడానికి లేదు.

మా ఆయన తక్కువ మాట్లాడేవాడు. పని మాత్రం నోరు మూసుకుని చూసేవాళ్ళకు కూడా అర్థమయ్యేలా చేసేవాడు. కడిగిన చక్రాలను తెల్ల కాగితం మీద వరసగా ఆరబెట్టి, ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే ఎక్కించి, అన్నిటికన్నా చివర నూనె పెట్టేవాడు. సూదిలాంటి తీగ, మొన కొంచెం చదును చేసింది. దాన్ని బుడ్డిలో ముంచి తీస్తే ఆవగింజలో సగమంత చుక్క నిలిచేది. ఆ చుక్క చక్రం ఇరుసు మీద పెట్టగానే, "ఇగ పానమొచ్చింది," అనేవాడు. ఎప్పుడూ అదే మాట. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చే నెపంతో పక్కన కూర్చుని కూర్చుని నేనూ కొంత నేర్చుకున్నాను. రెండో ఏడు వచ్చేసరికి గోడ గడియారాలు కడగడం, నూనె పెట్టడం నా వంతయింది. కిర్రుమంటే నూనె అయిపోయిందని, మెత్తగా నడిస్తే బాగుందని చెవికే తెలిసిపోయేది. "నీ చెయ్యి వణకదు," అన్నాడు ఒకసారి. కాపురం మొత్తం మీద ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే కాబట్టి ఎలా నవ్వాడో కూడా జ్ఞాపకం ఉంది.

కెమెరాలు బతుకుదెరువు కోసం కాదు. అది ఆయన ఒక్కడి పిచ్చి. గడియారాల సామాను కోసం నెలకోసారి హైదరాబాద్ పోయేవాడు. ఎప్పుడైనా ఒకసారి జుమ్మెరాత్ బజార్‌లో చినిగిన బూట్లు, విరిగిన పంకాల మధ్య పడి ఉన్న కెమెరాను ఏరుకుని, తువ్వాలలో చుట్టుకుని తెచ్చేవాడు. ఒకటి డబ్బాలాగా ఉండేది, ఒకటి పైనా కిందా రెండు అద్దాలతో ఉండేది, కొన్ని మడత విప్పితే ముందుకు సాగేవి. మిషన్ బంగళాలో వంట చేసిన ఒకాయన దగ్గర కూడా ఒకటి కొన్నాడు. అన్నీ చెడిపోయినవే. బాగున్నది కొంటే ఆయనకు సంతోషం ఉండేది కాదు. మా అత్త గడపలో కూర్చుని జొన్నలు చెరుగుతూ, "కోడలా, ఇంకో సవతిని తెచ్చిండు సూడు. గీమెకు కాళ్ళు గూడ లెవ్వు," అని నవ్వేది. మడత కెమెరాకు ముందు ఉండే తోలు తిత్తి చిల్లులు పడితే లోపలికి వెలుతురు దూరి రీలు పాడవుతుంది. ఆ చిల్లులు కనిపెట్టడానికి తిత్తిలో టార్చిలైటు పెట్టి, పట్టపగలు తల మీద గొంగడి కప్పుకుని లోపల కూర్చునేవాడు. ఎండాకాలంలో చెమటలు కారుతూ బయటికి వచ్చి, ఎన్ని చిల్లులో వేళ్ళతో చూపించేవాడు. చింతగింజల బంకలో దీపం మసి కలిపి, నల్లగుడ్డ ముక్కలతో ఆ చిల్లులు మూయడం నా పని. అంతవరకే నాకు ఇచ్చింది. లోపలి యంత్రం మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు. వెలుతురును లోపలికి వదిలి మూసే షట్టర్ రేకులు కడిగి ఆరబెట్టి బిగించాక, కెమెరాను చెవికి ఆనించి మీట నొక్కేవాడు. ఎంత సేపు తెరుచుకుని ఎప్పుడు మూసుకుందో చెవితోనే లెక్క కట్టేవాడు. కొలిచే యంత్రాలు మాకెక్కడివి!

ఇప్పుడు మా చిట్టి గురించి చెప్పాలి. పేరు రాజమణి. ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. ఎప్పుడూ తండ్రి ఒళ్ళో పెరిగిన పిల్ల కాబట్టి గుండ్రంగా ఏది కనిపించినా చెవికి పెట్టుకునేది. జొన్నరొట్టె చేతికిస్తే ముందు చెవికి పెట్టుకుని విని, తర్వాత తినేది. మా ఆయన పని ఆపి మరీ చూసేవాడు. అంత ముచ్చటైన పిల్లకు ఫోటో లేదు. మా అత్త ఒప్పుకోలేదు. ఆమె నలుగురిని కని ఇద్దరిని మట్టిలో పెట్టిన మనిషి. "పుట్టెంటికలు తియ్యకముందు బిడ్డ బొమ్మ తీస్తె ఆయుస్సు తగ్గుతది. గీ బిడ్డ అమ్మకు మొక్కిన బిడ్డ. అమ్మ సూసినంక మీరు సూసుకోండ్రి," అనేది. బోరంచ నల్లపోచమ్మ దగ్గర తల వెంట్రుకలు తీయించాలని మొక్కు. ఏడాదికే తీయించేవాళ్ళం, కానీ మధ్యలో మా మామ పోయాడు. ఇంట్లో ఏటి సూతకం ఉండగా మొక్కు తీర్చుకోకూడదు. అలా చిట్టికి మూడో ఏడు పడింది. మాకు కోపం వచ్చేది కానీ ఎదురు చెప్పలేదు. ఇద్దరిని పోగొట్టుకున్న మనిషి ముందు ఏం వాదిస్తాం?

బోరంచ ప్రయాణం కోసం మా ఆయన తన దగ్గరున్న వాటిలో మేలైనది సిద్ధం చేశాడు. జర్మనీ మడత కెమెరా, బీదర్‌లో మూతపడిన ఒక స్టూడియో సామానులో దొరికింది. దాన్ని బాగుచేయడానికి మూడు నెలలు పట్టింది. షట్టర్ రేకులు ఉల్లిపొర కంటే పలచగా ఉండేవి. వాటిని ఎన్నిసార్లు కడిగాడో, ఎన్నిసార్లు ఆరబెట్టాడో! ప్రయాణం ముందు రోజు సాయంత్రం పొద్దు ఇంకా ఉండగానే బిగించడం పూర్తయింది. ఒక సెకను మీద పెట్టి నొక్కాడు. లోపల చక్రాలు కిర్ర్‌మని తిరిగి టక్కున ఆగాయి. మళ్ళీ నొక్కాడు. నన్ను చూసి తలూపి, కెమెరాను బల్ల మీద పెట్టి, రీలు కొనుక్కురావడానికి యాదగిరి స్టూడియోకు వెళ్ళాడు. యాదగిరి మా ఊళ్ళో ఫోటోలు తీసేవాడు, ఆయనకు స్నేహితుడు.

నేను బల్ల ముందు నిలబడ్డాను. ఆ కిర్రుమన్న చప్పుడు నా చెవిలో ఉండిపోయింది. నాలుగేళ్ళుగా నేను నేర్చుకున్న విద్య ప్రకారం ఆ చప్పుడుకు ఒకటే అర్థం: నూనె లేదు. అన్నీ చేసి చివరిది మరిచిపోయాడనుకున్నాను. అన్నం తినడం మరిచిపోయే మనిషికి అది వింత కాదు. ఇంకో సంగతి కూడా చెప్తాను, దాచుకోవడం దేనికి? నా బిడ్డ ఫోటోలో నా చెయ్యి కూడా ఉండాలని నాకు ఆశ పుట్టింది. తీగ తీసి, బుడ్డిలో ముంచి, మీట జరిగే సన్నని సందులో ఒక్క చుక్క వదిలాను. రెండుసార్లు నొక్కి చూశాను. చప్పుడు మెత్తబడినట్టే అనిపించింది. పానమొచ్చింది అనుకున్నాను. ఆయన వచ్చాక చెప్పలేదు, ముట్టుకున్నందుకు కసురుతాడని. గడియారం బతికేది ఏ నూనెతోనో కెమెరా చచ్చేది ఆ నూనెతోనే అని నాకు తెలియదు. రేకులు పొడిగా ఉండాలట, నూనె తగిలితే ఒకదానికొకటి అతుక్కుంటాయట. ఆయన ఈ సంగతి నాకు చెప్పలేదు. నేను అడగలేదు. ఆయన రాగానే రీలు ఎక్కించి, కెమెరా మూసి సంచిలో పెట్టేశాడు. రీలు ఎక్కించాక ఉత్తగా నొక్కి చూడడానికి ఉండదు కదా.

మరునాడు తెల్లవారి చలిలో ఎడ్లబండి కట్టించుకుని బోరంచ వెళ్ళాం. జనం, మేకలు, వేపమండలు, బోనాలు, డప్పులు. మంగలి ఒళ్ళో కూర్చున్న చిట్టి మొదటి కత్తి గాటుకే కేకలు పెట్టింది. నున్నటి తలకు పసుపు రాశాక చేత్తో తడుముకుని, ఆ తడుముకోవడం నచ్చి నవ్వడం మొదలుపెట్టింది. ఎర్ర గౌను వేశాను. ఒక బండ మీద నిలబెట్టి మా ఆయన నాలుగు ఫోటోలు తీశాడు. నానమ్మతో ఒకటి, నాతో ఒకటి, ఒక్కదాన్నే రెండు. ప్రతిసారీ నొక్కి, అలవాటు కొద్దీ చెవి కెమెరా వైపు వంచేవాడు. పక్కనే డప్పులు మోగుతున్నాయి. "ఏం ఇనబడుతలే," అని నవ్వి వదిలేశాడు. చప్పుడు లేని చోట అయితే అక్కడికక్కడే పట్టుకునేవాడు. రీలులో పన్నెండు తీయొచ్చు. మిగతా ఎనిమిదీ ఎప్పుడు తీస్తావని అడిగాను. "జుట్టొచ్చినంక తీస్త. గుండుది కొన్ని, జుట్టుది కొన్ని. అన్నీ ఒక్కపారి కడిగిస్త," అన్నాడు.

జుట్టు రాలేదు. వేలి గోరంత మొలిచేసరికి పిల్లకు జ్వరం వచ్చింది, ఒళ్ళంతా ఎర్రగా తట్టు లేచింది. అమ్మ పోసిందని మా అత్త గుమ్మానికి వేపమండలు కట్టింది. పోపు వాసన రానివ్వలేదు, దవాఖాన మాట ఎత్తనివ్వలేదు. అయిదు రోజులు చల్లని మజ్జిగ చుక్కలు, వేపాకు గాలి. ఆరో రోజు పిల్ల ఊపిరి గురగురలాడుతుంటే మా ఆయన తల్లి మాట జవదాటి ఎత్తుకుని బస్సెక్కాడు. నేను వెనకాల చెప్పులు లేకుండా పరిగెత్తాను. సంగారెడ్డి దవాఖానలో డాక్టరు చూసి, ఇంత లేటుగానా అని మెల్లగా అన్నాడు. గట్టిగా తిట్టినా బాగుండేది. సాయంత్రం అయ్యేలోపు అయిపోయింది. నా ఒళ్ళోనే తిరిగి తెచ్చుకున్నాం. బస్సులో పక్కన కూర్చున్నామె నిద్రపోయిందనుకుని పిల్ల కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుంది.

మా వైపు ఒక ఆచారం ఉంది. బతికి ఉండగా ఫోటో లేని మనిషిని, పోయాక గోడకు ఆనించి కూర్చోబెట్టి, పూలు వేసి ఫోటో తీయిస్తారు. మరునాడు పొద్దున పిలవకముందే యాదగిరి కెమెరా భుజాన వేసుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఫోటో వద్దని మూడేళ్ళు అడ్డుపడిన మా అత్తే, "తీపియ్యి కొడుకా, మొఖం మరిసిపోతం," అని ఏడ్చింది. మా ఆయన తల అడ్డంగా తిప్పాడు.

"వద్దు యాదగిరీ. నా బిడ్డ నవ్వుకుంట నా డబ్బల ఉన్నది. గీ మొఖం నాకెందుకు?"

యాదగిరి నా వైపు చూశాడు. "వదినా, ఒక్కటన్న తీస్త. తర్వాత కావాలన్నా దొరకదు," అన్నాడు. నేను కూడా వద్దన్నాను. నాకూ ఆ డబ్బా మీదే నమ్మకం. దానికి ప్రాణం పోసింది నేనే కదా అనుకున్నాను. యాదగిరి కెమెరా దించి గోడకు పెట్టి, గుంత తవ్వేవాళ్ళతో కలిసి వెళ్ళాడు.

మూడు నెలలు ఆ రీలు కడిగించలేదు. నేను అడిగినప్పుడల్లా, "ఉండనియ్యి. లోపల ఉన్నదని ఎరుకున్నది, సాలు," అనేవాడు. ఆ మూడు నెలలూ మా ఇద్దరినీ నిలబెట్టింది ఆ నాలుగు ఫోటోలే. పొద్దున లేస్తే ఒకసారి అలమర వైపు చూసేవాళ్ళం. చివరికి ఒక మధ్యాహ్నం ఆయనే కెమెరా తీసుకుని స్టూడియోకు వెళ్ళాడు. పొద్దు వాలేదాకా రాలేదు. వచ్చేటప్పుడు యాదగిరి కూడా వెంట వచ్చాడు. రీలు పొడవునా నాలుగు నల్లటి పలకలు, తారు పూసినట్టు. షట్టర్ నొక్కినప్పుడల్లా వెంటనే మూసుకోక, చాలాసేపు తెరుచుకుని ఉండి వెలుతురు అంతా తాగేసిందని యాదగిరి నాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఎంతో కష్టపడి ఒకటి కాగితం మీదికి దింపి తెచ్చాడు. అంచుల్లో డప్పు కొట్టేవాడి కాలు, ఒక మేక చెవి, నా చీర కొంగు లీలగా ఉన్నాయి. నడుమ ఎండలో నా బిడ్డ నిలబడిన చోట ఉత్త తెలుపు. మా అత్త ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుని, "బొమ్మను గూడ ఇడువలేదా తల్లీ," అని పోచమ్మకు దండం పెట్టింది.

మా ఆయన ఆ కెమెరాను బల్ల మీద పెట్టి విప్పాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. రేకులు ఒకదానికొకటి అతుక్కుని, తడిగా మెరుస్తున్నాయి. వేలితో తాకి వాసన చూశాడు. గడియారాల నూనె. ఆ వాసన ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది? "నేనే పోసినట్టున్న యాదగిరీ," అన్నాడు. "దినాం గడియారాలకు పోసీ పోసీ, చెయ్యి దానంతట అదే పోయి పోసినట్టుంది. నాకు సోయి లేదు. నా చెయ్యే నా బిడ్డను తినేసింది."

అప్పుడే చెప్పవలసింది. నోరు తెరిచాను కూడా. రేపు చెప్దామనుకున్నాను. మరునాడు ఆయన అన్నం ముట్టలేదు కాబట్టి ఎల్లుండి అనుకున్నాను. భయమా అంటే భయమే. బిడ్డా పోయి, మొగుడూ మొహం తిప్పుకుంటే ఎక్కడికి పోవాలన్న భయం. అలా వాయిదా వేసినకొద్దీ తప్పు రెండయింది, పదయింది. కొన్నేళ్ళకు మా అత్త పోయింది. నేను పరీక్షలు కట్టి పాస్ అయి పంతులమ్మ ఉద్యోగంలో చేరాను. తర్వాత నా కడుపు పండలేదు. మాట మాత్రం అలాగే లోపల ఉండిపోయింది.

ఆ రోజు నుంచి ఆయన నూనె బుడ్డి ముట్టలేదు. "నూనె నువ్వే పెట్టు. నా చెయ్యి మీద నాకు నమ్మకం పోయింది. నీ చెయ్యి మంచిది," అన్నాడు. బడికి పోయే ముందు, వచ్చాక, ఆ దుకాణంలోని గడియారాలన్నిటికీ ఇరవై ఏళ్ళు నేనే నూనె పెట్టాను. ఇంతకంటే పెద్ద శిక్ష ఎవరూ వేయలేరు, వేసినవాడికే ఆ సంగతి తెలియదు. కెమెరాలు కొనడం మాత్రం ఆపలేదు, ఇంకా పెంచాడు. ఏడాదికి ఒకటి, ఒక్కోసారి రెండు. ప్రతిదీ విప్పి, రేకులు కడిగి, మళ్ళీ కడిగి, తెల్ల కాగితం మధ్య పెట్టి నొక్కి చూసేవాడు, కాగితం మీద నూనె మరక పడుతుందేమోనని. అది పడకపోతే బిగించి, అలమరలో పెట్టి, ఇంకోటి తెచ్చేవాడు. ఒక్కదానిలోనూ రీలు ఎక్కించలేదు. తన ఫోటో తీసుకోలేదు, నాది తీయలేదు. ఓటరు కార్డు మీద ఉన్న బొమ్మ తప్ప ఆయనది నా దగ్గర ఇంకేమీ లేదు.

ఒకసారి ఎందుకో మాటల్లో చిట్టికి నవ్వితే సొట్ట పడేది కదా, ఎడమ బుగ్గకు అన్నాడు. కుడి బుగ్గకు అన్నాను నేను. కాదు ఎడమ, నాకు తెలియదా అన్నాడు. కన్నదాన్ని నాకు తెలియదా అని నేను గట్టిగా అరిచాను. ఇద్దరం నిలబడి చిన్నపిల్లల్లా పోట్లాడుకున్నాం. ఉన్నట్టుండి ఇద్దరమూ ఆగిపోయాం. చూసి తేల్చుకోవడానికి ఏమీ లేదని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఆ తర్వాత ఆ మాట ఎవరమూ ఎత్తలేదు. ఇప్పుడు నాకు ఆ మొహం గుర్తుకు రావడం లేదు. చంకలో బరువు తెలుస్తుంది, పసుపు రాసిన తల వాసన తెలుస్తుంది, మొహం మాత్రం ఎంత తలచుకున్నా ఆ కాగితం మీది తెలుపే కనిపిస్తుంది.

మా పక్కింటి పిల్లకు ఈ మధ్యే కాన్పయింది. బిడ్డ పుట్టిన గంటకే ఫోన్‌లో ఫోటో వచ్చింది. ఆవలిస్తే ఒకటి, తుమ్మితే ఒకటి. "అమ్మమ్మా, ఫోన్ నిండిపోయిందంటుంది, తీసెయ్యాలె," అని తన బిడ్డ మొహాలను వేలితో ఒక్కొక్కటే చెరిపేస్తుంటే నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను. కాలం చెడిపోయిందని నేను అనను. మా కాలంలో తట్టు వస్తే వేపమండ కట్టేవాళ్ళం, ఇప్పుడు సూది వేయిస్తున్నారు, పిల్లలు బతుకుతున్నారు. అంతకంటే ఏం కావాలి? నాది ఉత్త అసూయ. వాళ్ళు చెరిపేసే వాటిలో ఒక్కటి, మసకగా ఉన్నదైనా, నాకు ఉంటే చాలునని కుళ్ళు.

బ్యాటరీ గడియారాలు వచ్చి దుకాణం చల్లబడ్డ రోజుల్లో మా ఆయనకు కడుపులో జబ్బు చేసింది. హైదరాబాద్ దవాఖానలో చూసి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ముందు గదిలో మంచం వేశాను. ఒక మధ్యాహ్నం తలకింద చెయ్యి పెట్టి లేపి జావ తాగిస్తున్నాను. ఆయన పైకప్పు వైపు చూస్తూ మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

"పోయినంక బిడ్డ కనబడితె కాళ్ళు మొక్కి మాఫ్ చెయ్యమని అడుగుత. నా చెయ్యి పాపపుదైందని చెప్త."

అది నేను వినలేకపోయాను. గిన్నె కింద పెట్టాను. "ఆ నూనె నువ్వు పొయ్యలే. నేను పోసిన," అన్నాను. నువ్వు రీలుకు పోయినప్పుడు పోసిన, కిర్రుమంటుంటే నూనె మరిసినవనుకున్న, అని అంతా చెప్పేశాను. ఏడుస్తూ కూడా చెప్పలేదు, బడిలో లెక్క చెప్పినట్టు చెప్పాను. ఆయన తల తిప్పి నన్ను చూశాడు.

"ఎన్ని సుక్కలు?"

"ఒక్కటే."

"ఏడ?"

"మీట జరిగే సందుల."

కళ్ళు మూసుకున్నాడు. ఆ చుక్క ఏ దారిన జారి రేకుల మీదికి వచ్చి ఉంటుందో లోపల చూసుకుంటున్నాడని నాకు అర్థమైంది. కుడిచేయి దుప్పటి మీద నుంచి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఇరవై ఏండ్లాయె," అన్నాడు. చెయ్యిని గుండెల మీద పెట్టుకుని గోడ వైపు తిరిగాడు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఉన్నాడు. యాదగిరి వస్తే మాట్లాడాడు. పాలవాడిని వానలు పడ్డాయా అని అడిగాడు. మందులిచ్చే పిల్లను నీ పెళ్ళెప్పుడు అని నవ్వించాడు కూడా. నాతో ఒక్క మాట లేదు. నా చేతి జావ తాగాడు, నేను పక్క మార్చితే కదిలాడు, నా భుజం పట్టుకుని లేచాడు. కోపమో, ఇరవై ఏళ్ళు ఉత్తపుణ్యానికి మోశానన్న బాధో, నాకు చెప్పడానికి ఏ మాటా సరిపోక ఊరుకున్నాడో తెలియదు. మంచం అంచున కూర్చుని, "ఏమన్న అను," అని బతిమాలాను. కళ్ళు తెరిచి చూసి మళ్ళీ మూసుకునేవాడు. పదో రోజు పొద్దున జావ కాచి తెచ్చేసరికి పోయాడు. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్క తిట్టైనా తిట్టి పోతే, దాన్ని పట్టుకుని బతికేదాన్ని.